పలక అంటే ఏ రాయి?

మొన్న చేప ముక్కలకు నిమ్మరసం పట్టిస్తుంటే ఓ చుక్క వంటింటి గట్టు మీద పడి సన్నగా నురగ కట్టింది. అసలు గ్రానైటే అని ఒట్టేసి అమ్మినవాడి బండారం బయటపడింది సరే, ఆ పుల్లటి వాసనకు యాదగిరి గారు గుర్తొచ్చి నా చేతిలో పని ఆగిపోయింది. సున్నపురాయి అయితేనే నిమ్మరసానికి నురగ వస్తుందని నాకు నేర్పింది ఆయనే.

అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే ఉన్న రోజులవి. నేనూ గుంటూరు నుంచి జావా నేర్చుకుందామనే వచ్చి, రెండు ఇంటర్వ్యూల్లో బోర్లాపడి, యాదగిరి గారి ఆఫీసులో టైపిస్టుగా తేలాను. విదేశాల నుంచి వచ్చే సరుకును కస్టమ్స్ నుంచి విడిపించే లైసెన్సు ఆయనది. ప్రతి సరుకుకూ సుంకం పుస్తకంలో ఓ నంబరుంటుంది. నేల మీద పరిచే రాతిబండలకు ఒకటి, స్లేటు రాయికి వేరొకటి. ఆ పుస్తకం కంటే ఆయనకు జేబులోని నిమ్మకాయ మీదే గురి. నమూనా రాయిని తాళంచెవితో గీకి, చుక్క పిండి, "కాయిదం అబద్ధమాడుతది గానీ రాయి ఆడదమ్మా. జర రాయిని అడుగు" అనేవారు. ఈయన చాదస్తం తగలెయ్య అని లోపల నవ్వుకునేదాన్ని.

ఒకసారి వచ్చిన కాగితాల్లో 'సహజమైన రాయి' అని తప్ప ఏ రాయో లేదు. తెప్పించిన ఆసామికి ఫోన్ చేశాను. ఆయనదీ మా వైపే. "పలకలండీ, ఆఫీసు ముందు పరచడానికి" అన్నాడు. ఆయన ఉద్దేశం పలచని బండలని. నాకు పలకంటే అ ఆలు దిద్దిన పలకే. ఠక్కున స్లేటు అని కొట్టి, దాని నంబరు వేసేశాను. నమూనా రాలేదు. 'సరుకు చూశాను' అన్న మాట కింద యాదగిరి గారు నా మీద నమ్మకంతో సంతకం పెట్టారు. కంటైనర్ తెరవకుండానే సరుకు బయటికొచ్చింది.

నెల తర్వాత పంజాగుట్టలో ఆ ఆసామి కట్టిన సాఫ్ట్‌వేర్ భవనం చూసొద్దామని వెళ్ళాం. గుమ్మం ముందు మన బండలే పరిచారు. యాదగిరి గారు కూర్చుని, గీకి, చుక్క పిండారు. నురగ.

"గిది స్లేటు కాదమ్మా. సున్నపురాయి."

పలక సంగతి చెప్పాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. "రేపు పోయి ఆఫీసర్లకు చెప్పొస్త" అన్నారు.

"పరిచేశారు కదండీ, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెల్సింది గద."

"పోనీ, పన్ను ఎంత తక్కువ పడిందండీ?"

"తక్కువేం పడలే. రెండిటికీ ఒక్కటే పన్ను."

నేను నిర్ఘాంతపోయాను. ఎవరికీ నయాపైసా నష్టం లేని తప్పుకు, ఈ మనిషి వెళ్ళి కొరివితో తల గోక్కుంటారా? "మరెందుకండీ!" అని రోడ్డు మీదే అరిచాను.

"చూసిన అని సంతకం పెట్టిన. చూడలే" అన్నారు, చేతులు దులుపుకుంటూ.

సరుకు చూడకుండా ధ్రువీకరించినందుకు ఆయన లైసెన్సు ఆర్నెల్లు ఆపేశారు. ఆఫీసుకు తాళం పడింది. నాకు జాలి కాదు, కోపం వచ్చింది. ఈయన హరిశ్చంద్రుడైతే మా ఉద్యోగాలేం కావాలి? చివరి రోజు బీరువా ఖాళీ చేస్తుంటే ఆఫీసర్లకు ఆయన ఇచ్చిన ఉత్తరం నకలు దొరికింది. 'నేను రాయిని చూడకుండా సంతకం చేశాను. తప్పు నాది' అని ఉంది. టైపిస్టు అన్న మాట ఎక్కడా లేదు. మొత్తం చేత్తో రాశారు. అన్నేళ్ళలో నాకు టైపుకు ఇవ్వని ఉత్తరం అదొక్కటే. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

ఇప్పుడు నాకూ అదే లైసెన్సు ఉంది. బ్యాగులో నిమ్మకాయ చూసి దిష్టికి అనుకుంటారు మా ఆఫీసు పిల్లలు. అనుకోనీ అని ఊరుకుంటాను. కిందటేడు వాళ్ళలో ఒకమ్మాయి రాయి పేరు తప్పు కొట్టింది, నేను చూడకుండా సంతకం పెట్టాను. ఆఫీసర్లకు ఉత్తరం చేత్తోనే రాశాను.