రొట్టెలు చేసే అక్క కూతురు

నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో యూనివర్సిటీ మహిళా హాస్టల్లో ఉండేదాన్ని. మా మెస్సులో రొట్టెలు చేసే అక్కకు తొమ్మిదో తరగతి చదివే కూతురు. ఆదివారాలు తల్లి వెంట వచ్చి, పని అయ్యేదాకా నా గదిలో హోంవర్క్ చేసుకునేది. నా పరిశోధన కూడా పిల్లల గురించే. పెద్దయ్యాక ఎలా బతకాలనుకుంటారు, ఆ కోరిక ఎక్కణ్ణుంచి వస్తుంది అని. తార్నాక బడుల్లో అడుగుతున్న ప్రశ్నే ఒకరోజు ఈ పిల్లనీ అడిగాను.

"మెస్ సూపర్‌వైజర్ అయితా అక్కా. ఆ మేడం కుర్చీల కూసోని రాసుకుంటది. మా అమ్మ పొద్దంతా నిలబడే ఉంటది."

నా ప్రాణం ఉసూరుమంది. ఇంత తెలివైన పిల్లకు ఇంత చిన్న కోరికేమిటనుకున్నాను. తాను చూసిన లోకంలో అందరికన్నా సుఖంగా ఉన్న మనిషినే ఎంచుకుందని నాకు తట్టలేదు. మరుసటి వారం మా యూనివర్సిటీ ఫిజిక్స్ ల్యాబ్‌కు తీసుకెళ్లాను. లేజర్ కాంతి గోడమీద ఎర్రచుక్కలుగా విడిపోతుంటే కళ్లు తిప్పకుండా చూసింది. నువ్వూ ఇక్కడికే రావాలన్నాను. వస్తానంది.

పది పాసై, తార్నాకలో ఇంటర్ ఎంపీసీలో చేరింది. అప్పటిదాకా తెలుగు మీడియం, ఇప్పుడు లెక్కలన్నీ ఇంగ్లీషులో. నేను థీసిస్ రాసుకోవడంలో పడి పట్టించుకోలేదు. మొదటి ఏడాది లెక్కల్లో తప్పింది. నా గదికి రావడం మానేసింది. ఓసారి తార్నాక చౌరస్తాలో నన్ను చూసి పక్క గల్లీలోకి తిరిగిపోయింది.

సరిగ్గా తినడం కూడా లేదని తల్లి చెప్పింది. రొట్టె ఒత్తడం ఆపకుండానే అంది: "మీరు చూపిచ్చింది మంచిదే మేడం. గాడికి పోవుడు ఎంత కష్టమో గూడ చెప్పాలె గదా. పోరి తన్ను తానే తిట్టుకుంటున్నది."

పెద్ద కోరికలు పిల్లలకు మేలు చేస్తాయని అంతకు ముందు వారమే థీసిస్‌లో ఎంతో ధీమాగా రాసి ఉన్నాను.

ఆ సాయంత్రం అడిక్‌మెట్‌లో వాళ్లింటికి వెళ్లాను. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. ఏం చెప్పాలో తెలియక, ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను. డిగ్రీ మొదటి ఏడాది నేనూ ఒక పేపర్ తప్పాను.

ఇటు తిరిగింది. "ఏడ్చినవా అక్కా?"

"రెండు రోజులు."

లేచి కూర్చుంది. తల్లి పిల్లకు పళ్లెంలో అన్నం పెట్టి తెస్తే, నాకూ పెట్టమంది.

సప్లిమెంటరీ దాకా వారానికి మూడు సాయంత్రాలు వెళ్లి లెక్కలు చెప్పాను. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది.

ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. మొన్న ఫోన్ చేసి, ఒక పరీక్ష బాగా రాయలేదని చెప్పింది. తప్పితే మళ్లీ రాస్తుందట. గొంతులో ఎక్కడా దిగులు లేదు. ఇంకేదో అడగబోయాను.

"ఫ్రెండ్స్‌తోని సినిమాకు పోతున్న అక్కా, రేపు మాట్లాడతా," అని పెట్టేసింది.