చదవని తేదీ

2016 జనవరిలో నన్ను కెనడాలో, మిస్సిసాగాలోని ఒక సహాయ సంస్థలో కుటుంబ సందేశాల విభాగానికి మార్చారు. దూరదేశపు అంతర్యుద్ధంలో పట్టుబడిన సైనికులు రాసిన ఉత్తరాలను ఇక్కడున్న వాళ్ళ బంధువులకు అందించడం నా పని. అలాంటివి కొన్ని వందలు నా చేతుల మీదుగా వెళ్ళాయని పార్టీల్లో చెబుతుంటాను. వందలు కాదు, పదకొండు.

ఆ ఉత్తరానికి కవరు ఉండదు. ఒకే కాగితం, అందులో క్షేమసమాచారం తప్ప మరేమీ రాయకూడదు. బంధించినవాళ్ళు చదివి, నచ్చని మాట మీద నల్లసిరా పూసి వదులుతారు. ఖైదీ తేదీ వేయడానికి వీల్లేదు. అక్కడ ఉత్తరం తీసుకున్న మా సంస్థ ఉద్యోగి వేరే చీటీ మీద తేదీ వేసి జతచేస్తాడు. ఇక్కడికి చేరేసరికి నెలలు గడుస్తాయి. అందుకే ముందు ఆ తేదీ చదివి, తర్వాతే ఉత్తరం ఇవ్వాలని నియమం. ఆ రోజుకి మనిషి బతికున్నాడు. ఉత్తరం పూచీ అంతవరకే.

ఫిబ్రవరిలో ఒక టౌన్‌హౌస్‌కి వెళ్ళాను. తల్లికి ఇంగ్లీషు రాదు, కూతురు మధ్యలో అనువదించి చెప్పింది. ఏడాదిన్నరగా కొడుకు జాడ లేదు. నా చేతిలో కాగితం చూడగానే ఆ తల్లి నేలమీద కూలబడింది. చీటీ మీద ఉన్నది క్రితం ఏప్రిల్. దీపం ఆరిందనడానికి కూడా నోరు రాక, కొండెక్కిందనే ఇంట్లో పెరిగినవాణ్ణి. ఆవిడ మీద జాలితో చీటీని బ్యాగులోనే ఉంచి కాగితం ఇచ్చాను. కాలి గాయం మానిందట. సైకిల్ ఎవరికీ ఇవ్వొద్దట.

"ఎప్పుడు రాశాడు సర్?" అంది కూతురు.

"ఈమధ్యే."

ఆవిడ లేచి నాకు రెండుసార్లు టీ పోసింది.

జూన్‌లో మరో కాగితం వచ్చింది. ఆ కుర్రాడు క్రితం ఆగస్టులోనే చెరలో చనిపోయాడు. నేనే తీసుకెళ్ళాను. ఈసారి తేదీ చదివాను. తల్లి వెంటనే ఏడవలేదు. ఏదో అంటే కూతురు ఆగి ఆగి చెప్పింది. మార్చిలో మేనకోడలి పెళ్ళిలో అమ్మ పాడిందట. ఆ ఉత్తరం పాతదని తెలిసుంటే పాడేది కాదట. దాని తేదీ ఏదని అడిగింది. పాత చీటీ తీసి ఇచ్చాను.

"ఆ రోజు ఇది మీ దగ్గరుందా?" అంది కూతురు.

ఉందన్నాను. ఈసారి టీ ఇవ్వలేదు. మా ఆఫీసులో నా మీద నేనే రిపోర్టు రాశానని చాలామందికి చెప్పాను. అదీ అబద్ధమే, రాసింది కూతురు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే. ఉత్తరం మోసుకెళ్ళేవాడికి అందులో ఏ ముక్కనూ తన దగ్గర ఉంచుకునే హక్కు లేదు.

ఇంతవరకు రాసి మా ఆవిడ సుగుణకు చదివి వినిపించాను. కూర తరుగుతూ అంతా వింది.

"జాలి అని రాయకండి," అంది. "ఆవిడ ఏడుస్తుంటే ఎదురుగా కూర్చోలేనని ఆ సాయంత్రం కారు దిగుతూ మీరే అన్నారు. భయం అని రాయండి."