పిల్లలకోడి చుట్టూ మంచు

కెమెరా తెర మీద పిల్లలకోడి చుక్కల చుట్టూ నీలంగా మంచు తేలగానే, పక్కన మడతకుర్చీలో కూర్చున్న అక్కయ్య లేచి నిలబడింది.

"ఒరేయ్, నాయనమ్మ చెప్పింది ఇదేరా!"

"ఉండక్కా, లెన్సు మీద మంచు పడిందేమో."

"పేపర్లో వార్తలు రాసేటప్పుడు కూడా ఇంత అనుమానం ఉండేదా నీకు?"

లెన్సు తుడిచి మళ్లీ తీశాను. మంచు పోలేదు.

మేమున్నది ఉయ్యూరు అవతల, ఒకప్పుడు మా గానుగ ఆడిన దిబ్బ మీద. చలికాలంలో ఫ్యాక్టరీకి తోలగా మిగిలిన చెరకును ఇక్కడే ఆడించి బెల్లం వండేవారు. చెరకుపిప్పి మంట, పెనంలో కుతకుతలాడే పాకం, అరిటాకు ముక్కలో పెట్టిన వేడి బెల్లానికి మేం కాల్చుకున్న వేళ్లు, పెట్రోమాక్సు వెలుగు పడి తెల్లని గుడారంలా లేచే ఆవిరి, ఇవన్నీ నాకు ఒకే వాసనగా గుర్తున్నాయి. గానుగకు చెరకు అందించేది నాయనమ్మ. చీకటి పడ్డాక చెయ్యి నలగకుండా ఆ పని చేయాలంటే మంచి చూపుండాలి. అందుకని తాతయ్య ఏటా తొలిరోజు సాయంత్రం అందరినీ నిలబెట్టి, నడినెత్తిన గుంపుగా మెరిసే ఆ చుక్కలను, కృత్తికలనే పిల్లలకోడిని, లెక్కపెట్టించేవాడు. ఆరు చెప్పినవాళ్లకే గానుగ.

ఒక ఏడు నాయనమ్మ, "ఆరూ ఉన్నాయండీ. చుట్టూ మంచు పట్టినట్టుంది" అంది.

"మంచు కాదే, నీ కంట్లో పొర. చుక్కలు ఆరని ఊరందరికీ తెలుసు, చూడకపోయినా చెప్పొచ్చు."

"చెరకు పెట్టడానికి చుక్కలెందుకండీ?" అని ఆమె ఎంత పోట్లాడినా గానుగ పిన్ని చేతికి వెళ్లింది. నాయనమ్మ ఆ ఏటి బెల్లం నోట పెట్టలేదు.

ఆ చుక్కల దగ్గర సన్నటి ధూళి మేఘం ఉంది. దానికి సొంత వెలుగు లేదు. పెనం మీది ఆవిరి దీపం వల్ల మెరిసినట్టే అదీ చుక్కల వెలుగుతో మెరుస్తుంది. ఆ ధూళి నీలాన్ని ఎక్కువగా వెదజల్లుతుంది కనుక నీలంగా కనిపిస్తుంది. అక్కయ్యకు ఇదే చెప్పాను.

"అయితే నాయనమ్మ చూసినట్టేగా?"

"కెమెరా గంటసేపు పోగుచేసిన వెలుగక్కా ఇది. మామూలు కంటికి అందటం కష్టం."

"కష్టమన్నావు. అందదనలేదు."

ఇప్పుడు గానుగలు లేవు. పట్నంలో, గుణదలలో మా మేడ మీద నుంచి చూస్తే వీధిదీపాల వెలుగులో ఆరు చుక్కలూ లెక్కకు రావు. కంట్లో పొర ఉన్నవాళ్లకు ఏ దీపం చూసినా చుట్టూ మంచు కనిపిస్తుందంటారు. దూరంగా పక్కవాళ్ల గానుగ దగ్గర వెలిగే దీపం చుట్టూ కూడా మంచుందా అని నాయనమ్మను అడిగి ఉంటే, అది కంటి పొరో చుక్కల మంచో ఆ సాయంత్రమే తేలిపోయేది. ఎవరూ అడగలేదు.