మచ్చలు తీసే బ్రష్

డుంబ్రిగుడ సంత రోడ్డులో నాకో జిరాక్సు కొట్టు ఉంది. జిరాక్సులతో పొట్ట నిండదని అర్థమయ్యాక, పాత కంప్యూటర్‌లో ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ వేయించాను. నేర్పే నాథుడు లేడు. ఫోన్‌లో వీడియోలు చూసి నేనే నేర్చుకోవాలి. ఆ వీడియోలేమో హిందీలో ఉంటాయి, నాకు హిందీ ముక్క రాదు. అందుకని మాటలు వదిలేసి, తెర మీద బాణం గుర్తు ఎక్కడెక్కడికి పోతుందో అదే చూసేదాన్ని. మా కొండల్లో సిగ్నల్ సగంలో పోతుంది కాబట్టి నా చదువూ సగంలోనే ఆగేది. మనిషి వెనక గోడను చెరపడం వచ్చింది, అక్కడ ఇంకో రంగు నింపడం రాలేదు. కొన్నాళ్లపాటు నా దగ్గర ఫోటో దిగినవాళ్లంతా బూడిదరంగు గళ్ల మీద తేలుతూ ఉండిపోయారు.

తర్వాత మచ్చలు తీసే బ్రష్ దొరికింది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. మచ్చ మీద ఒక్కసారి నొక్కితే చాలు, పక్క చర్మం వచ్చి కప్పేస్తుంది. మొటిమలు తీశాను, అమ్మవారు పోసిన గుంటలు పూడ్చాను. పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే ఒకాయన చెంప మీది పుట్టుమచ్చ కూడా తీసేశాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తుగా రాసింది ఆ మచ్చనేనట. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అయినా నాకు బుద్ధి రాలేదు.

ఒక సంతనాడు కొండ మీది గూడెం నుంచి ఓ ముసలమ్మ ఫోటో దిగడానికి వచ్చింది. ఒరిస్సా వైపు ఇచ్చిన తన అప్పకి, అంటే అక్కకి, పంపాలట. ఆ అప్ప ఇప్పుడు నడవలేదు, ఈవిడ అంతదూరం వెళ్లలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏళ్లయింది. ముసలమ్మ ముఖం నిండా పచ్చబొట్లు. మనిషి ఎదురుగా ఉన్నంతసేపూ అవి పచ్చబొట్లని నాకూ తెలుసు. ఆవిడ వెళ్లాక ఫోటోను తెర మీద పెద్దది చేసేసరికి నాకు మచ్చలే కనబడ్డాయి. ఒక్కటి మిగల్చకుండా తీసేసి, మురిసిపోయాను.

తర్వాతి సంతకి వచ్చి ఫోటో చేతిలోకి తీసుకుంది.

“ఏటి గుంటా, ఇదెవుత్తి?”

“నువ్వే మామ్మా. ముఖం శుభ్రం చేసినాను.”

“నాను కాదు. కోక నాదే, మొకం ఎవులిదో. మా యప్ప దీన్ని సూసి, నాను సచ్చిపోనానని, ఎవుల్నో నా కోక కట్టి కూకోబెట్టినారని ఏడుత్తాది.”

మళ్లీ తీస్తానన్నాను. ఒప్పుకోలేదు. ఆరోజు మెడలో వేసుకున్న కంటె పక్కింటిదట, ఇచ్చేసిందట. కంటె లేకుండా అప్పకి కనబడదట. పోనీ దిద్దకముందు ఫోటోనే మళ్లీ ప్రింటు వేద్దామంటే, దిద్దినదాన్ని దాని మీదే సేవ్ చేసేశాను. ఆ పాఠం దగ్గర సిగ్నల్ పోయి ఉంటుంది. ఫోటో పట్టుకెళ్లే ఆవిడ మేనల్లుడేమో మధ్యాహ్నం జీపుకే ఒరిస్సా బయల్దేరుతున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ముసలమ్మ స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. “సుక్కలెట్టు. నాను సూపిత్తాను.”

తన చెంప మీద వేలు పెడుతుంది, నేను తెర మీద అదే చోట చుక్క పెట్టాలి. మొదటి చుక్క ఈగంత పడింది. చెరిపాను. రెండోది చెవి వైపు జారింది. “నీకన్నా మాకు పచ్చబొట్లు పొడిసిన సూది ముసిల్ది నయం, దానికి కళ్లు కనబడేవి కావు,” అని నవ్వింది. చుక్క వెంట చుక్కగా ఆవిడ ముఖం తిరిగొస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

అంతా అయ్యాక గడ్డం మీద వేలు పెట్టి, “ఇక్కడ కూడా,” అంది.

దగ్గరికి వంగి చూశాను. అక్కడ ఏమీ లేదు. “నీకక్కడ లేవు కదా మామ్మా.”

“మా యప్పకున్నాయి. ఇద్దర్నీ ఒకే దినం కూకోబెట్టినారు. సూది ఇక్కడికొచ్చేసరికి నాను నెగిసి పారిపోనాను. ఇప్పటికీ కబురెట్టినప్పుడల్లా పిరికిదానా అంటాది.”

సరేనని గడ్డాన్ని పెద్దది చేసి మొదటి చుక్క నొక్కాను. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని నా ఎడమ చెయ్యి పట్టుకుంది.

“నొప్పుండదు మామ్మా, ఇది కంప్యూటరు.”

“నాకు తెల్దేటి? బేగి కానీ,” అంది, కళ్లు తెరవకుండానే.