బ్రేకు డ్రమ్ముకు శనక్కాయ నూనె

గుంతకల్లులో పట్టాలు తప్పిన రైలును తాడు చుట్టి లాగే తన చేతి వించీతో ఒక్కడే లాగి నిలబెట్టానని ఆదెప్ప చెప్పుకునేవాడు. మొదటి ఏడాది ఆ కథలో ఉన్నది ఖాళీ పెట్టె మాత్రమే. రెండో ఏటికి అది ఇంజనైంది. మూడో ఏటికి ఇంజన్లో డ్రైవరు కూడా కూర్చుని, "అన్నా, కొంచెం మెల్లగా ఎత్తన్నా" అని దండాలు పెడుతున్నాడు. ఇంకో రెండేళ్ళు ఆగి ఉంటే టిక్కెట్లు కొన్న జనాన్ని కూడా ఎక్కించి ఉండేవాడే.

ఐదో తరగతిలో లెక్కల అయ్యవారు బెత్తం ఎత్తిన రోజే బడిగోడ దూకిన మనిషి ఆదెప్ప. అయినా కుందుర్పి చుట్టుపక్కల బావులు లోతు చేసే క్రేన్లన్నిటికీ అతనే వైద్యుడు. బావి గట్టున ఒక డీజిల్ ఇంజను, వైరు తాడు చుట్టుకునే ఇనుప డ్రమ్ము, తాడు చివర బండలు మోసే తొట్టి. క్రేనంటే ఇంతే. లోపలివాళ్ళు తొట్టి నింపితే ఇంజను పైకి లాగుతుంది. పైకొచ్చిన తొట్టిని గట్టు మీదికి తిప్పేదాకా డ్రమ్మును ఇనుప పట్టీతో బిగించి పట్టుకోవాల్సింది కాలి బ్రేకు. తాడులో ఒక్క పోగు తెగినా ఆదెప్ప చేత్తో తడిమి చెప్పేవాడు. "పళ్ళచక్రం గ్రీసు తాగల్ల, తాడు నూనె తాగల్ల, బ్రేకు మాత్రం ఉపాసం ఉండల్ల" అని గ్యాంగులో అందరికీ నేర్పిందీ అతనే. నోటితో ఎన్ని కోతలు కోసినా ఇనుము దగ్గర ఆదెప్ప అబద్ధమాడడని పేరు.

ఆ పేరే తర్వాత కొంప ముంచింది.

2002లో వానలు మొహం చాటేశాయి. బావులన్నీ అడుగంటి, క్రేన్లకు తీరిక లేకుండా పోయింది. దసరాకు ఒక్కరోజు పని ఆపి ఆయుధపూజ చేశారు. ఆదెప్ప క్రేనును కిరసనాయిలుతో కడిగి, విబూది పట్టెలు పెట్టి, నిమ్మకాయలు కట్టాడు. అంతటితో ఆగితే అతను ఆదెప్ప ఎందుకవుతాడు? గిన్నెడు శనక్కాయ నూనె తెచ్చి నెత్తి నుంచి కాళ్ళ దాకా పెళ్ళికొడుక్కి పట్టించినట్లు పట్టించాడు. బ్రేకు డ్రమ్మును కూడా వదల్లేదు.

"రా బావా, డ్రమ్ములో నీ మొగం చూసుకో. మా అక్క కూడా నిన్ను ఇంత తెల్లగా ఎప్పుడూ చూసుండదు" అన్నాడు.

బావ అంటే అక్క చౌడేశ్వరి భర్త తిప్పేస్వామి. ఆ క్రేను బ్రేకు మీద కాలు పెట్టేవాడు అతనే. "మెరుస్తాంది లేరా" అని నవ్వి ఊరుకున్నాడు. బ్రేకుకు నూనె తగలకూడదని ఆదెప్పకు తెలియక కాదు. పూజ రోజు మెరిస్తే చాలు, తెల్లారి పని మొదలయ్యే లోపల డీజిలు గుడ్డతో తుడిచేద్దామనుకున్నాడు.

తెల్లారి టీ బంకు దగ్గర కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్లు ఇద్దరు కనబడ్డారు. వాళ్ళు గుంతకల్లు కథ వినలేదు.

రైలింజను సగం లేచేసరికి బావి దగ్గర పని మొదలైపోయింది. తేలికైన మట్టి తొట్లు రెండు ఆగాయి. మూడోది బండ తొట్టి. అది పైకి రాగానే తిప్పేస్వామి బ్రేకు తొక్కాడు. డ్రమ్ము ఆగలేదు. రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాడు. అయినా ఆగలేదు. "తప్పుకోండప్పోయ్!" అని అతను అరిచిన అరుపు టీ బంకు దాకా వినపడింది. లోపలున్న ముగ్గురిలో ఇద్దరు గోడకు అతుక్కుపోయారు. రంగన్న ఎడమ పాదం మాత్రం తొట్టి కింద పడింది.

ఆదెప్ప చేతిలో టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు. అందరూ రంగన్నను మెట్ల మీదుగా పైకి మోసుకొచ్చే పనిలో ఉన్నారు. క్రేను దగ్గర ఎవరూ లేరు. డ్రమ్ము మీద రెండు వేళ్ళు పెట్టాడు. వేళ్ళు జారాయి. ఇంకేమీ చూడనక్కర్లేదు. గుడ్డను డీజిల్లో ముంచి డ్రమ్మునూ పట్టీనీ గబగబా తుడిచి, పిడికెడు ఇసుక రుద్ది, మళ్ళీ తుడిచాడు. ఇరవై ఏళ్ళలో ఏ పనీ అంత తొందరగా చేయలేదు, అంత శుభ్రంగానూ చేయలేదు.

మధ్యాహ్నం క్రేను యజమాని గోపాలయ్య వచ్చి తొట్టి నింపించి బ్రేకు చూపించమన్నాడు. ఆదెప్ప తొక్కితే తొట్టి మేకు కొట్టినట్లు నిలబడింది.

"మరి పొద్దున ఏమొచ్చె?" అన్నాడు గోపాలయ్య.

"తొక్కినా సామీ. పట్టలే. రెండు కాళ్ళతో నిలబడినా, పట్టలే" అన్నాడు తిప్పేస్వామి.

అందరి కళ్ళూ ఆదెప్ప వైపు తిరిగాయి. ఆ చూపులను అతను భరించలేకపోయాడు. అలాంటప్పుడల్లా ఏదో ఒకటి అనేసి నవ్వించడం అతని నోటికి అలవాటు. "మా బావకు బీడీ ముట్టించల్లంటే చేతులు చాలవు సామీ, కాలు కూడా కావల్ల. అదే ఎత్తింటాడు" అన్నాడు.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వు ఆ పూటకే పోయింది. మాట పోలేదు. అతని కోతలు వేటినీ నమ్మని ఊరు ఈ ఒక్కదాన్నీ పట్టుకుంది. ఇనుము దగ్గర ఆదెప్ప అబద్ధమాడడు కదా!

ఆ తర్వాత తిప్పేస్వామిని ఎవరూ ఏ క్రేనుకూ పిలవలేదు. కరువు పనిలో రోడ్డు పక్కన కంకర కొట్టాడు. అక్కడా అతన్ని "బీడీ డ్రైవరు" అన్నారు. రంగన్నకు మూడు కాలివేళ్ళు తీసేశారు. కర్ర లేకుండా నడవలేడు.

సంక్రాంతి వెళ్ళాక ఆదెప్ప అక్క ఇంటికి పోయాడు. చౌడేశ్వరి రాగి సంగటి పెట్టి, "తినరా. మీ బావ ఆ బీడీలు మానేసినాడు. ముందే మానింటే రంగన్న కాలు దక్కేది" అంది.

తిప్పేస్వామి తలుపు దగ్గర కూర్చుని ఉన్నాడు. అరచేతుల నిండా బొబ్బలు. "ఆదెప్పా, నువ్వన్నదే నిజమేమోరా. రోజూ ఆలోచిస్తాండా. ఆ పొద్దు జేబులోకి చెయ్యి పోయినట్లే ఉండాది. బ్రేకు బాగుండాదని నువ్వే చూస్తివి. ఇంగ తప్పు నాదే గదా. మొన్న రంగన్న కాళ్ళు పట్టుకుని వస్తి."

తిట్టి ఉంటే ఆదెప్ప ఓర్చుకునేవాడే. చేయని తప్పు చేశానని ఒక మనిషి నమ్మడం మొదలుపెడితే ఎలా ఓర్చుకోవాలో తెలియలేదు. లేచి చేయి కడుక్కుని వచ్చేశాడు. ఆ వారం టీ బంకు దగ్గర ఎవరో అడిగితే గుంతకల్లు కథ మొదలుపెట్టాడు. రైలింజను నేల మీద నుంచి అంగుళం కూడా లేవలేదు.

చివరికి ధైర్యం చేసి గోపాలయ్య దగ్గరికి పోయాడు. "సామీ, ఆ పొద్దు బ్రేకుకు నూనె పూసింది నేను. తుడిచి దాచిందీ నేనే."

గోపాలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏమప్పా, అక్క మొగుని కోసం నెత్తిన ఏసుకుంటాండావే! బామ్మర్దంటే నువ్వేనప్పా!"

రంగన్న ఇంటికి పోయి చెప్పాడు. రంగన్న మంచం మీద నుంచి లేవకుండా, "మీ బావ వచ్చి ఏడ్చిపాయె. నువ్వొచ్చి కథ చెప్తాండావు. పో పో, రైలు కథే దీనికంటే బాగుండాది" అన్నాడు.

ఊళ్ళో ఆదెప్పకు ఇంకా మంచి పేరొచ్చింది. ఆడవాళ్ళు తమ తమ్ముళ్ళకు అతన్ని చూపించి బుద్ధి చెప్పారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా తల ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తోచలేదు. అప్పుడే మొదటిసారి తెలిసింది, తన నోట్లో నిజానికి చోటు మిగల్లేదని. నోటితో నమ్మించలేని నిజాన్ని ఇనుముతోనే చెప్పించాలి.

శివరాత్రి తర్వాత సోమవారం క్రేను మళ్ళీ అదే బావి మీద ఉంది. ఆదెప్ప పొద్దున్నే కంకర దగ్గరికి పోయి బావను చేయి పట్టి లాక్కొచ్చాడు. రంగన్నను ఎద్దుల బండి మీద తెచ్చాడు. గోపాలయ్యను బతిమాలాడు. లోపలివాళ్ళతో తొట్టి నిండా బండలు వేయించి, వాళ్ళందరినీ పైకి రమ్మని, తొట్టిని ఎత్తించాడు. అందరూ చూస్తుండగా శనక్కాయ నూనె తీసి డ్రమ్ముకు పట్టించాడు.

"తొక్కు బావా."

"నా వల్ల కాదురా."

"లోపల ఎవరూ లేరు. నీకు దండం పెడతా, తొక్కు."

డ్రమ్ము మీద ఇంజను పట్టు వదిలారు. తిప్పేస్వామి బ్రేకు తొక్కాడు. డ్రమ్ము సర్రున తిరిగింది. రెండో కాలూ పెట్టాడు. తొట్టి గాలిని చీల్చుకుంటూ పోయి అడుగున పడింది. బావి మొత్తం దద్దరిల్లింది. గోపాలయ్య తల దించుకున్నాడు. రంగన్న కర్ర రెండు చేతులతో పట్టుకుని ఆదెప్ప వైపే చూస్తున్నాడు.

తిప్పేస్వామి రెండు పాదాలూ ఇంకా బ్రేకు మీదే ఉన్నాయి. "నాలుగు నెల్లురా" అన్నాడు. "నాలుగు నెల్లు, బీడీ కోసం కాలెత్తినానని నాకు నేనే నమ్మితి కదరా."

ఆదెప్ప నూనె గిన్నె కింద పెట్టాడు.

"తుడువు" అన్నాడు తిప్పేస్వామి. "ఈ తూరి అందరూ చూస్తాండంగ తుడువు."

ఆదెప్ప తుడిచాడు. డీజిలుతో, ఇసుకతో, పొడిగుడ్డతో. వంగిన నడుము ఎత్తకుండా తుడిచాడు. తిప్పేస్వామి డ్రమ్మును అరచేత్తో తడిమి చూసి, తన చోట తాను కూర్చున్నాడు. దిగమని ఎవరూ అనలేదు.

లోపల రంగన్న చోటు దసరా నుంచీ ఖాళీగానే ఉంది. ఆదెప్ప ఇనుప గడారు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఇన్నేళ్ళలో క్రేన్లను పై నుంచే చూశాడు తప్ప, అడుగు నుంచి ఎప్పుడూ చూడలేదు. కింద ఉక్కపోత, బురద. పైన పళ్ళెమంత ఆకాశం. బండలు పగలగొట్టి తొట్టి నింపాడు. తొట్టి లేచింది. పైకి పోయి, సరిగ్గా అతని నెత్తి మీద ఆగింది. ఆదెప్ప తల ఎత్తి, కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

పై నుంచి బావ గొంతు ఉరిమింది.

"ఏయ్ ఆదెప్పా! తొట్టి కింద ఏం చేస్తాండావురా? గోడకు పో!"

ఆదెప్ప వీపు గోడకు ఆనించాడు. తొట్టి అక్కడే నిలబడి ఉంది.