జావా పిచ్చుకకు వరి కంకి

జావా పిచ్చుకలు వాటి సొంత దీవుల్లో ఒకప్పుడు వరి చేల మీద గుంపులుగా పడేవి. పాట బాగుంటుందని పట్టి పట్టి అమ్ముకోవడంతో ఇప్పుడు అక్కడే అరుదైపోయాయి. తూంకుంటలోని మా వరండాలో మాత్రం రెండున్నాయి, పేట్ బషీరాబాద్‌లో కొన్నవి. బూడిద రంగు ఒళ్లు, తెల్లటి బుగ్గలు, లావుపాటి ఎర్ర ముక్కు. ఆడా మగా ఒకేలా ఉంటాయి. పాడేది మగదే కాబట్టి ఏది ఏదో మాకు తెలిసింది.

మొన్న కార్తీకంలో నీళ్లు మారుస్తుంటే ఆడది నా చేతి కింద నుంచి జారిపోయి ప్రహరీ మీద వాలింది. పంజరంలోనే పుట్టిన పిట్ట, డేగను చూసి ఎరగదు. మా వీధి కరెంటు స్తంభం మీద రోజూ ఒక డేగ కూర్చుంటుంది. చీకటి పడేలోగా పట్టుకోకపోతే ఇక దక్కదని నా కంగారు. లోపల మగది పాట మానేసి ఊచల వెంట అటూ ఇటూ దూకుతోంది.

కాసేపటికి ఆడది మా గుమ్మానికి వేలాడే వరి కుచ్చు మీదికి వచ్చింది. అది బజారులో కొన్నది, మెరుపు కోసం వార్నిష్ పూసి అమ్ముతారు. రెండుసార్లు పొడిచి, ముక్కు గోడకు తుడుచుకుని మళ్లీ ప్రహరీ మీదికే పోయింది.

పక్కింటి అవ్వ అంతా చూస్తూనే ఉంది. మా కాలనీ లేచిన నేల ఒకప్పుడు వాళ్లదే. దేవరయాంజాల్ వైపు ఒక మడి మాత్రం ఇంకా ఉంచుకున్నారు.

"గా రంగు పూసిన వడ్లు ఎవలు తింటరు బిడ్డా," అంటూ లోపలికి వెళ్లి కొత్త కంకులు తెచ్చిచ్చింది. "సిన్నప్పుడు మంచె మీద కూసోని పిట్టల్ని ఒడిసెలతోని కొట్టేదాన్ని. ఇగ గిప్పుడు పిలిశి పెడుతున్న."

కంకుల్ని పంజరానికి బయటి వైపు కట్టాను. మా ఇంట్లో అది తిన్నవి కొర్రలే. అయినా వచ్చి, కంకిని పట్టుకుని వేలాడుతూ, గింజ పొట్టు ఒక్క నొక్కుతో ఒలిచేసింది. ఎవరు నేర్పారో ఏమో. చూస్తూ చూస్తూ పట్టుకోవడం మరిచిపోయాను.

పొద్దు వాలాక ఊచలకు ఒళ్లు ఆనించి కూర్చుంది. లోపలి నుంచి మగది కూడా అక్కడే ఆనుకుంది. ఇవి ఒకదాన్నొకటి ఒరుసుకునే నిద్రపోతాయి. చెయ్యి చాపి పట్టుకున్నాను. పెద్ద కష్టమేమీ కాలేదు.

"దొరికిందా?" అంది అవ్వ గోడ మీదుగా.

"దొరికిందండి."

"గా కంకులు లోపల కట్టు. తిననీ పాపం."

కట్టాను. మగది రోజూ ఆడదాని వైపు తిరిగి పాడుతుంది. ఆడది తలుపు వైపు తిరిగి కూర్చుని వింటుంది. చూస్తే నాకు బాధగానే ఉంటుంది. నీళ్లు మార్చాక ఆ తలుపుకు ఇప్పుడు తీగ కూడా చుడుతున్నాను.