శీకరం

నిన్న విశాఖ తీరంలో అల మీంచి లేచిన తుంపర మొహాన కొట్టింది. 'శీకరం' అని నోటికొచ్చింది.

ఆరో తరగతిలో తెలుగు సార్ నేర్పిన పాత మాట అది. గాలికి ఎగిరే నీటి తుంపర అని అర్థం.

"మా కేసముద్రం మార్కెట్ల ఎండుమిర్చి విరగకుండ మా అమ్మ నీళ్లు చల్లితే తుంపర లేస్తది, అట్లనా సార్? కండ్లు మండుతయా?" అన్నాను.

క్లాసులో సముద్రం చూసొచ్చింది సునీత ఒక్కతే. "ఏం మండయి! సముద్రం ఎన్నడన్న చూసినవా నువ్వు?" అని పడీపడీ నవ్వింది.

మర్నాడు సీసాలో మిర్చి నీళ్లు తెచ్చి ఆమె మొహాన చల్లాను. సార్ నా అరచేతులు వాచేలా కొట్టి, సారీ చెప్పించాడు.

నిన్న ఉప్పునీళ్లు పడ్డ కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆనాటి సారీ వెనక్కి తీసుకుంటున్నాను. మండుతయే, సునీతా.